చుక్క వెంట నడక

నాగలక్ష్మమ్మకు షుగరు వచ్చిందని డాక్టరు చెప్పినప్పుడు ఆమె భర్త ముత్యాలప్పకు మొదట గుర్తొచ్చింది మగ్గం. ధర్మవరంలో వాళ్లు నేసే పెద్దంచు పట్టుచీరకు ఇద్దరు మనుషులు కావాలి. ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టి తొక్కుతుంటే, ఆమె పక్కనే కూర్చుని అంచు పోగును అటూ ఇటూ నడిపే నాడె విసరాలి. ఆమె లేస్తే మగ్గం ఆగిపోతుంది. అందుకని పెళ్లయినప్పటి నుంచీ ఆమె లేవడమే తగ్గించుకుంది.

రోజూ నడవకపోతే కాళ్లకు ముప్పని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పటికే ఆమె పాదాలు వాచి ఉన్నాయి, వాటికి సగం స్పర్శ లేదు.

"నడకంట నడక! మగ్గం తొక్కేది నడక కాదా?" అన్నాడు ముత్యాలప్ప. "పొద్దస్తమానం తొక్కుతాండా, నాకేమన్నా షుగరు వచ్చిందా? నువ్వు గూడా రోజూ రవ్వంతసేపు తొక్కు, సరిపోతాది."

ఆయన వెటకారం చేయలేదు, నిజంగానే అలా నమ్మాడు. వారం రోజులు పెళ్లాన్ని తన చోట కూర్చోబెట్టి తొక్కించాడు కూడా. వైద్యం చేయిస్తున్నానని వీధంతా చెప్పుకున్నాడు. ఆమె పాదాల వాపు తగ్గలేదు గానీ, చీర నేత మాత్రం వంకర పోయింది. దాంతో ఆ వైద్యం ఆగిపోయింది.

ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైన పక్కవీధి బయమ్మ అప్పుడే ఒక నడక గుంపు పెట్టింది. పొద్దున్నే రైలుగేటు దాటి, శెనక్కాయ చేల మధ్యగా వంక దాకా పోయి రావడం వాళ్ల పని. గేటు అవతల ఊరకుక్కలు మీదికొస్తున్నాయని, ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు దాన్నీ తోడు తెమ్మంది. జనం ఆ గుంపుకు కుక్కల సంఘమని పేరు పెట్టారు. బయమ్మకు ఆ పేరు తెగ నచ్చింది.

ముత్యాలప్ప ఇంట్లోనూ ఒక ఆడకుక్క ఉంది, పేరు చుక్క. ఆయనకు దాని మీద ప్రాణం. ఆ సంగతి బయమ్మకు తెలుసు.

"ఏమప్పా ముత్యాలప్పా, చుక్క ఒళ్లు చూసినావా? తిప్పకుంటే కదల్లేక చస్తాది," అంది ఒకరోజు గడపలో నిలబడి.

ఆయన కంగారు పడ్డాడు. "అవునక్కా, ఒళ్లొచ్చినట్లే ఉండాది. లక్ష్మీ, రేపటినుంచి దాన్ని తిప్పుకోని రా!"

పెళ్లాం కాళ్లకు దొరకని సెలవు కుక్క ఒంటికి దొరికింది! నాగలక్ష్మమ్మకు నవ్వూ వచ్చింది, కడుపూ మండింది. అయినా మర్నాడు అందరికంటే ముందే వీధిలో నిలబడింది. కరువుకు వంకలో ఇసుక తప్ప ఏమీ లేదు. ఆ ఎండిన వంక గట్టు మీదే చుక్క పక్కన కూర్చుని, ఎవరూ పిలవని ఆ కాసేపూ ఆమె హాయిగా ఊపిరి పీల్చుకునేది. నెల తిరిగేసరికి పాదాల వాపు దిగింది.

అంతలో పెళ్లిళ్ల కాలం వచ్చింది. చీరలు నేయించుకునే షావుకారు చీర తొందరగా కావాలన్నాడు. "ఇప్పుడు నడకలేం వద్దు," అన్నాడు ముత్యాలప్ప. కుక్క బయటికి ఉరకకుండా దాన్ని తెచ్చి మగ్గం రాటకే కట్టేశాడు. పట్టు పక్కన పిల్లినే రానివ్వని మనిషి, చుక్క కళ్లముందు ఉంటే చాలనుకున్నాడు.

పొద్దున్నే గుంపు వీధిలోకి వచ్చింది. తోటి కుక్కల అరుపు వినగానే చుక్క ఎగిరి పడుగు మీదికి దూకింది. పోగులు కుప్పలుగా తెగిపోయాయి.

ముత్యాలప్ప తల పట్టుకున్నాడు. "దాని తప్పేముండాది? నువ్వే దానికి నడక అలవాటు చేస్తివి," అన్నాడు.

తెగిన పోగులు అతకడం ఇంటి ఆడదాని పని. నాగలక్ష్మమ్మ ఒక్కో పోగూ వెతికి ముడేస్తూ కూర్చుంది. బయమ్మ నడకకు పిలవడానికి వస్తే ముత్యాలప్ప చుక్క తాడు ఆమె చేతికే ఇచ్చాడు. "చుక్కను నువ్వే తీసుకోని పో అక్కా. ఈమెకు తీరదు."

పోగులు అతకడం అయిపోయింది, ఆ చీరా అయిపోయింది. ఇంకో చీర మగ్గమెక్కింది. కుక్కను తిప్పడానికి మనిషి దొరికాక నాగలక్ష్మమ్మ పోవాల్సిన పనేముంది? ఒకసారి అడిగింది కూడా. "చుక్క పోతానే ఉండాది కదా," అన్నాడాయన. ఆమె మళ్లీ అడగలేదు. వాపు మళ్లీ వచ్చింది. రోజూ చుక్క తిరిగొచ్చాక దాని బొచ్చులో పల్లేరుకాయలు ఏరడం ఒక్కటే ఆమెకు మిగిలిన నడక.

మరుసటేడు వానలు పడ్డాయి. ఒకరోజు పొద్దున చుక్క తడిసి వచ్చింది. కాళ్లకు మోకాళ్ల దాకా ఒండ్రుమట్టి ఉంది. నాగలక్ష్మమ్మ దాని పాదం అరచేతిలోకి తీసుకుంది. ఆ మట్టి చల్లగా ఉంది.

"వంకకు నీళ్లొచ్చినాయా తల్లీ?" అంది. "నువ్వన్నా చూసొస్తివి."

"ఏం చేస్తాండావు ఆడ? అంచు ఆగిపోయినాది, రా!" అని లోపల్నుంచి కేక వచ్చింది.

పట్టుకు మరక పడుతుందని ఆమె చేతులు శుభ్రంగా కడుక్కుని, వచ్చి ఆయన పక్కన కూర్చుని నాడె అందుకుంది.