గుడిసెలోంచి వచ్చిన బంతి

పెద్దమనిషైన పిల్లకు పసుపునీళ్ళు పోసే వేడుకను తమిళనాట మా ధర్మపురి వైపు తెలుగువాళ్ళం కూడా అరవంలోనే మంజనీరాట్టు అంటాం. పోయిన వారం మా మనవరాలికి ఆ వేడుక జరిగింది. పెద్ద మండపం, గేటు దగ్గర మనిషెత్తు ఫ్లెక్సు మీద దాని ఫొటో, భోజనాల్లో నాకు పేరు కూడా తెలియని వంటకాలు, అంతా బాగానే ఉంది. ఆ మర్నాడు సాయంత్రం ఆ పిల్ల ఏమీ జరగనట్టే షటిల్ బ్యాటు భుజాన తగిలించుకుని కోచింగుకు బయలుదేరింది. నా కూతురు టోపీ పెట్టుకోమని చెప్పింది, అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఎందుకో ఆ పూట నాకు కాలు ఒకచోట నిలవలేదు. కాఫీ వెచ్చబెట్టి తాగడం మరిచి మళ్ళీ వెచ్చబెట్టాను, నాలుగుసార్లు గుమ్మం దాకా వెళ్ళి ఏం చూడటానికి వచ్చానో తెలియక వెనక్కి తిరిగాను. వేడుకకని కడత్తూరు నుంచి వచ్చిన మా అక్క కుర్చీలో కూర్చుని నన్నే చూస్తూ ఉంది.

నా వయసు వాళ్ళకు చెప్పనక్కరలేదు, మన ఎండాకాలాలకు కొన్న ఆటవస్తువు ఒక్కటీ ఉండేది కాదు. మాది కడత్తూరు పక్క పల్లె, వాన చూసుకుని పైరు పెట్టే ఊరు, కోతలైపోయాక పశువుల పని తప్ప వేరే పని ఉండదు. పొద్దు వాలగానే ఇంటిల్లిపాదీ వాకిట్లో చేరి ఏడుపెంకులాట ఆడేవాళ్ళం. పగిలిన ఇంటిపెంకుల్ని నాయన రాతిమీద చెక్కి గుండ్రం చేసేవాడు. చినిగిన చీరపేలికలు ఉండచుట్టి, పాత సైకిల్ ట్యూబును ఉంగరాల్లా కోసి, వాటిని ఆ ఉండమీదికి ఒకదాని మీద ఒకటి సాగదీసి తొడిగి అక్క బంతి చేసేది. అది నేలకు కొడితే నిజం బంతిలాగే ఎగిరేది. ఒక జట్టు బంతితో పెంకుల దొంతరను కూలగొట్టాలి, ఎదుటి జట్టు ఆ బంతితో వాళ్ళను కొట్టేలోగా పరుగులు పెట్టి మళ్ళీ పేర్చాలి. నాయనదొక జట్టు, వెల్లిచందై నుంచి మేకల్ని తోలుకుని వచ్చి ఎండాకాలమంతా మా ఇంట్లోనే మకాం వేసే మామది ఇంకొకటి. మా అమ్మ కట్టుకున్నవాణ్ణి కాదని తమ్ముడి జట్టులో చేరేది, అందుకని నాయన ఆమెను ఏడాది పొడుగునా దెప్పేవాడు. మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, అరుగుమీద కూర్చుని తీర్పులు చెప్పేది. ఆ తీర్పుకు తిరుగులేదు.

నాయన జట్టుకు బలం అక్క. దాని చేతిలోంచి వెళ్ళిన బంతి గురి తప్పడం నేను అరుదుగా చూశాను, ఇక పరుగంటారా, దాన్ని కొట్టడానికి మామకు ఊపిరి చాలేది కాదు. అలాంటి అక్క, ఆట మంచి పట్టు మీద ఉన్న వేసవిలో పెద్దమనిషయింది. ఆనవాయితీ ప్రకారం మామే పచ్చి కొబ్బరిమట్టలు తెచ్చి వాకిలి మూలన గుడిసె కట్టాడు. గుమ్మానికి అడ్డంగా రోకలి పెట్టి, పాత చీర తెరగా కట్టారు. గుమ్మం గోడవైపుకు ఉండాలని అవ్వ అన్నా, మట్టలు పాతేశాను, ఇక పీకేది లేదని మామ మొండికేసి గుమ్మాన్ని ఆటవైపే ఉంచాడు. నీళ్ళు పోసే దాకా లోపల అక్క ముట్టుకున్న చెంబూ చాపా ఏదీ బయటివాళ్ళు తాకకూడదు.

ఆట మానేయాలని అవ్వ అంది గానీ, పిల్లకాయలు ఇంట్లో ఉండి కుండలన్నీ పగలగొడతారని మామ నచ్చజెప్పాడు. అలా మేం ఆడుతుంటే, లోపల అక్క లేచి కూర్చోవడం, మళ్ళీ లేవడం, మట్టల సందులోంచి దాని నీడ అటూ ఇటూ తిరగడం కనబడేది. అన్నం పళ్ళెం పెట్టడానికి వెళ్ళిన నన్ను రోజూ ఒకటే అడిగేది. నీళ్ళు పోశాక మళ్ళీ ఆటకు రానిస్తారా అని నాయనను కనుక్కోమనేది. నేను వెళ్ళి అడిగితే నాయన చూద్దాం అనేవాడు. ఆ చూద్దాం అన్న మాటను నేను గుడిసెకు మోసుకెళితే, అక్క దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి అవునన్నట్టే కదా అనేది. నేనూ అవునన్నట్టే అనేదాన్ని.

ఒక సాయంత్రం మామ విసిరిన బంతి దొంతరకు తగలకుండా దొర్లుకుంటూ పోయి చీరతెర కిందుగా గుడిసెలో దూరింది. ముట్టుకోవద్దని అవ్వ కేకవేసే లోపలే అక్క దాన్ని అందుకున్నట్టుంది. అందరం ఎక్కడివాళ్ళం అక్కడే నిలబడిపోయాం. కూలగొట్టే వంతు ఇక మా జట్టుది, మళ్ళీ బంతి చేద్దామన్నా ఇంట్లో ట్యూబు లేదు. అప్పుడు తెర వెనకనుంచి అక్క గొంతు వినిపించింది.

"అవ్వా, గడప దాటను. ఈడ్నుంచే ఒక్కతూరి ఇసురుతాను."

అవ్వ మోకాళ్ళు పట్టుకుని లేచింది.

"నేను ఎనుములకు నీళ్ళు పెట్టను పోతాండాను. నాకేమీ కనపడలే."

అవ్వ కొట్టం వైపు తిరగగానే తెర పక్కకు జరిగి, పసుపు పూసిన చెయ్యి ఒక్కటి బయటికి వచ్చింది. మరుక్షణం ఏడు పెంకులూ చెల్లాచెదురయ్యాయి. నాయన, నేను, మా జట్టులోని చిన్నాయన కొడుకులు కేకలు పెడుతూ పెంకుల కోసం పరిగెత్తాం. మామ బంతిమీదికి దూకబోయి చటుక్కున ఆగిపోయాడు. దాన్ని తాకేదెలాగ? తాకవద్దురా అని అమ్మ అరుస్తోంది, తాకకపోతే ఆట పోతోంది. మామ బంతి చుట్టూ వేడి పెనం మీద నిలబడ్డవాడిలా గెంతుతుంటే, నాయన మఠం వేసుకుని కూర్చుని, పెంకు మీది మన్ను ఊది మరీ, పూజకు పేర్చినట్టు నిదానంగా పేర్చాడు. చివరికి మామ మేకల కర్ర తెచ్చి బంతిని కొడితే అది గడ్డివాములో పడింది. తిరిగొచ్చిన అవ్వ ఎవరేం చెప్పకుండానే నాయన జట్టే గెలిచిందని తీర్పు చెప్పి, బంతికి పసుపునీళ్ళ స్నానం చేయించి అరుగుమీద ఆరబెట్టింది. గుడిసెలో అక్క నవ్వు ఎంతకీ ఆగలేదు. ఇంత సడలించిన అవ్వ అక్కను మళ్ళీ ఆటకు రానివ్వకపోతుందా అని నేనూ ధైర్యం తెచ్చుకున్నాను.

నీళ్ళు పోశారు, ఆనవాయితీగా గుడిసెను తగలబెట్టారు. ఆ సాయంత్రమే అక్క కొత్త దావణిని, అదే ఓణీని, నడుముకు బిగించి నేరుగా వచ్చి తన చోట నిలబడింది. అవ్వ తిట్టలేదు. మెల్లగా పిలిచి, అరుగుమీద తన పక్కన కూర్చోబెట్టుకుని, ఒళ్ళో చేట పెట్టి కందులు చెరగమంది. అక్క నాయన వైపు చూసింది. నాయన వంగి, సరిగ్గానే ఉన్న పెంకుల్ని మళ్ళీ సర్దడం మొదలుపెట్టాడు. నాకు నాయన మీద అంత కోపం ఇంకెప్పుడూ రాలేదు. ఆ వేసవితో నాకూ ఆటమీద మనసు విరిగింది.

ఇప్పుడు మా వీధిలో వాకిళ్ళే లేవు. పిల్లను ఆడవద్దనేవాళ్ళు లేరు, సంతోషమే, కానీ ఇంట్లో దానితో ఆడేవాళ్ళూ లేరు. దాని తండ్రి ఫోనులో ఉంటాడు, నాకు మోకాళ్ళు సహకరించవు. ఆడించడానికి కూడా ఫీజు కట్టి ఒక మనిషిని పెట్టుకున్నాం. పిల్ల కోచింగుకు పోయిన ఆ పూట ఇదంతా తలచుకుని అక్కను కదిపాను. గుడిసెలోంచి నువ్వు ఏడుకు ఏడూ కూల్చావే, అలాంటి దెబ్బ మళ్ళీ చూడలేదని మెచ్చుకోలుగా అన్నాను. అది నవ్వుతుందనుకున్నాను.

"కూలగొట్టినాను సరే" అంది. "పరిగెత్తింది మీరు గదా."

మర్నాటి బస్సుకు కడత్తూరు పోవలసిన మనిషి పోలేదు. మనవరాలి వెంట కోచింగుకు వెళ్ళి కంచె పట్టుకుని నిలబడింది. వెంట వెళ్ళిన నేను కుర్చీ తెచ్చి వేశాను. ఆ పిల్ల పరిగెత్తినంతసేపూ అక్క కూర్చోలేదు.