రెండు నక్షత్రాలు, కింద ఒక పట్టీ

మా బావగారు, విశ్రాంత సుబేదార్ వీరరాఘవయ్య గారు మొన్న మంగళవారం రేపల్లెలోని స్వగృహంలో నిద్రలోనే కన్నుమూశారు. ముందురోజు సాయంత్రమే తెనాలి బండి ఆలస్యం గురించి ఫోనులో నాతో హాస్యమాడిన మనిషి. నిత్యం డైరీ రాసే నాకు ఆ రోజు కలం సాగలేదు.

సైన్యంలో భుజచిహ్నాల చరిత్ర ఆయనకు ప్రాణం. ఒకనాడు అధికారిని నడుముకు కట్టిన పట్టువస్త్రంతో, భుజాన వేలాడే జరీ కుచ్చులతో గుర్తించేవారని, నక్షత్రాలూ కిరీటమూ తర్వాత వచ్చాయని, మనది గణతంత్రమయ్యాక కిరీటం పోయి అశోకుని సింహాలు వెలిశాయని బాపట్ల బడుల్లో జెండా పండుగకు చెప్పేవారు. చివర తన పాత యూనిఫాం భుజం చూపేవారు. "రెండు నక్షత్రాలు లెఫ్టినెంటుకీ ఉంటాయి. కింద ఈ రంగుల పట్టీ మాత్రం సిపాయిగా చేరి పైకొచ్చినవాడికే. దీన్ని దాచుకోకూడదు."

తెనాలిలో ఒక నాటకంలో కెప్టెన్ వేషధారి భుజాన సింహాలు చూసి తెర వెనక్కి వెళ్లారు. "ఏంటి బాబూ, రెండో అంకంలోనే మేజర్‌వైపోయావా?" అని నవ్వించి, మూడు నక్షత్రాలు పెట్టించిగాని కదల్లేదు. తనను ఎవరైనా "కెప్టెన్ గారూ" అంటే, "సుబేదార్‌నండి" అని ప్రతిసారీ దిద్దేవారు.

అందుకే ఆయన పోయిననాడు ఇంటిముందు కట్టిన ఫ్లెక్సీ చూసి నిశ్చేష్టుడనయ్యాను. వీధివాళ్లు అభిమానంతో ఆయన ముఖాన్ని ఎవరో జనరల్ దుస్తుల మీద అతికించి వేయించారు. భుజాన కత్తీ, దండమూ.

"ఏంటయ్యా ఇది?" అన్నాను.

"పెంచామే గానీ తగ్గించలేదు కదండీ బాబాయిగారూ," అన్నాడు ఫ్లెక్సీ దుకాణదారు.

బాపట్ల నుంచి మాజీ సైనికులు అప్పటికే బయల్దేరారు. మా అక్కయ్య లోపలినుంచి వచ్చి ఒకసారి పైకి చూసింది.

"దింపించరా తమ్ముడూ. బతికున్నన్నాళ్లూ కాదన్నదాన్ని పోయాక అంటగడతారా? ఆయన సుబేదారుగానే వెళ్తారు."

ఫ్లెక్సీ దిగింది. అక్కయ్య బీరువాలోంచి ఆయన ఇస్త్రీ చేసి ఉంచుకున్న యూనిఫాం తెచ్చి, భుజం పట్టీ కనబడేలా ఛాతీమీద పరిచింది.

వచ్చినవారిలో పెద్దవారు ఒక విశ్రాంత కల్నల్. ఆ భుజాన్నే కొంతసేపు చూశారు. సైన్యంలో ముందు సెల్యూట్ చేయవలసింది సుబేదారు, కల్నల్ కాదు. అయినా కల్నల్ గారే మడమలు కలిపి నిలబడి చేయి ఎత్తారు.

"ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పని నేర్పింది ఈ పట్టీ ఉన్నవాళ్లేనమ్మా," అన్నారు అక్కయ్యతో.

ఒక భుజాన్ని చూసి దాని వెనక చరిత్రంతా విప్పి చెప్పగలవారు మా ప్రాంతంలో ఇక లేరు. మర్నాడు డైరీలో ఖాళీగా ఉన్న పుట తీసి 'సుబేదార్ వీరరాఘవయ్య గారు, మా బావగారు' అని రాశాను. అంతకన్నా పెద్ద హోదా నాకు తోచలేదు.