తప్పంతా తనదే అనే అత్తయ్య

ఎవరి తప్పు కంటపడినా సరే, తన నెత్తినే వేసుకోవడం మా మేనత్తకున్న జబ్బు. బస్సులో ఎవరైనా తన కాలు తొక్కితే, "క్షమించండి, నా కాలు అడ్డొచ్చింది" అంటుంది. పక్కింటివాళ్ళ పాలు పొంగిపోతే, "నేనే మాటల్లో పెట్టాను" అంటుంది. వాన పడినా సంజాయిషీ ఇచ్చుకుంటుందేమోనని మా భయం.

ఇంట్లో అయితే సర్దుకుపోవచ్చు. కానీ ఆవిడ ఒక క్వాంటం ప్రయోగశాలకు అధిపతి. నేను అందులోనే ఇంజనీరుని. అదీ నా ఖర్మ!

మూడు దేశాలు కలిసి ఒక పని తలపెట్టాం. ఆసుపత్రుల మధ్య రోగుల వివరాలు వెళ్తుంటే దారిలో ఎవరూ దొంగచాటుగా చదవకుండా, కాంతి కణాలతో రహస్య తాళం వెయ్యడం. తీరా దాన్ని మొదట వాడబోయే ఆసుపత్రి డాక్టరమ్మకు వీడియో కాల్‌లో చూపించాల్సిన రోజున తాళం పడలేదు.

"మా పరికరాలు బాగానే ఉన్నాయి," అన్నాడు తెర మీద మొదటి దేశం పెద్దాయన.

"మావీ అంతే," అన్నాడు రెండో దేశం పెద్దాయన.

అత్తయ్య మైకు నొక్కింది. "అయితే తప్పు మాదే అయ్యుంటుంది."

నాకు తల కొట్టేసినట్టయింది. మా వైపంతా స్వయంగా పరీక్షించింది నేనే! మైకు కట్టేసి, "పదిమందిలో పరువు తీశావు అత్తయ్యా!" అన్నాను పళ్ళు నూరుతూ.

"తీస్తే తీశాన్లే. కాస్త ఆగు."

తెర మూల నుంచి సన్నటి గొంతు వినిపించింది. రెండో దేశం పరిశోధకురాలు. "అది... పొద్దున, కాంతి కణాలు వచ్చే వేళ చూసే మా గడియారం నేను సర్దాను. అక్కడే తేడా వచ్చినట్టుంది."

వాళ్ళ పెద్దాయన ముఖం జేవురించింది. ఆయన నోరు తెరిచేలోపే అత్తయ్య అందుకుంది. "మాతో సరిచూసుకోమని చెప్పాల్సింది నేనే. మర్చిపోయానమ్మా. తప్పు నాదే."

గడియారాలు కలిశాయి. తాళం పడింది.

"నిజంగా చెప్పాల్సింది నువ్వేనా?" అని మెల్లగా అడిగాను.

"ఏమో, ఎవరికి గుర్తుంది? ఆ పిల్లకి గొంతు పెగిలింది, చాలదూ?"

అంతసేపూ తప్పు నాది కాదనిపించుకోవడానికే తాపత్రయపడ్డానని తెలిసి, సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఇంతలో రెండో దేశం పెద్దాయన దగ్గాడు. "అసలు ఆ పని ఒక్కదానికే అప్పగించడం నా పొరపాటు."

"కాదండీ, తొందరపెట్టింది నేను," అన్నాడు మొదటాయన.

"అబ్బే, నేను!" అంది అత్తయ్య.

ముగ్గురూ తప్పు నాదంటే నాదని పోట్లాడుకుంటుంటే డాక్టరమ్మ చెయ్యెత్తింది.

"ఆ తప్పు తర్వాత తీరిగ్గా పంచుకుందురుగాని, ముందు మా ఆసుపత్రికి లైను ఎప్పుడిస్తారో చెప్పండి!"