ఏదో చేస్తుంది లెండి

మా ఇంట్లో పిల్లల్ని పైవాళ్ల ముందు మెచ్చుకునే అలవాటు లేదు. మా అమ్మ నన్ను మెచ్చుకోలేదు, నేను మా అమ్మాయిని మెచ్చుకోలేదు. ఎవరైనా మీ పాప భలే చేసిందండీ అంటే, "ఆ, ఏదో చేస్తుంది లెండి" అనేయాలి. లేకపోతే దిష్టి తగులుతుంది. అమెరికాలో షికాగో పక్కనున్న ఈ నేపర్‌విల్ వచ్చి ఇన్నేళ్లయినా, మంచులో కారు నడపడం నేర్చుకున్నా, ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

మా అమ్మాయి ఇప్పుడు షికాగోలో చిన్న చిన్న థియేటర్లలో నటిస్తోంది. మొదటిసారి స్టేజీ ఎక్కింది ఇక్కడి తెలుగువాళ్ల దసరా ప్రోగ్రాంలో, రెండో క్లాసులో ఉండగా. దానిది దుర్గ వేషం. మహిషాసురుడు ఎదురింటావిడ కూతురు. అట్ట కొమ్ములు గుచ్చుకుని ఆ పిల్ల స్టేజీ మీదే ఏడుపు లంకించుకుంది. మాది త్రిశూలం అవతల పడేసి, పక్కన చతికిలబడి, తన పట్టుచీర చెంగుతో ఆ పిల్ల ముక్కు తుడిచింది. పక్కనుంచి అందరం పొడువు, పొడువు అని సైగలు చేసినా లేవలేదు. హాలంతా ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది. కార్‌లో ఇంటిదాకా చీవాట్లు పెట్టాను.

కాలేజీకొచ్చేసరికి థియేటరే చదువుతానంది. కంప్యూటర్ సైన్స్ అయితే చదివిస్తాం, నాటకాలకైతే నీ దారి నువ్వు చూసుకో అన్నాం నేనూ మా ఆయనా. బెదిరిస్తే లొంగుతుందనుకున్నాం. అది నిజంగానే దారి చూసుకుంది. రిజర్వు సైన్యంలో చేరితే ఫీజు వాళ్లే కడతారట, నెలకో వీకెండ్ డ్రిల్‌కి వెళ్తే చాలట. సంతకం పెట్టేశాకే మాకు చెప్పింది.

రెండో ఏడు ఒక డ్రిల్ నుంచి వచ్చి, ఇక తుపాకీ పట్టుకోనంది. కాల్చడం నేర్పేటప్పుడు మనిషి ఆకారంలో అట్టబొమ్మలు నిలబెడతారట. థియేటర్ క్లాసులో ఎదుటి మనిషి ఎవరో, ఎక్కడినుంచి వచ్చాడో ఊహించమని నేర్పారు. దానికి ఆ బొమ్మని చూసినా అదే పని.

"దానికి పేరు పెట్టేశానమ్మా," అంది. "వాడికి ఒక అమ్మ ఉంది. లంచ్ బాక్స్ ఉంది. ఇంక నేను షూట్ చేయలేను."

మనస్సాక్షి ఒప్పుకోవడం లేదు, నన్ను వదిలేయండని అప్లై చేసింది. అలా అడిగినవాళ్లు చెప్పేది నిజమో కాదో ఒక ఆఫీసర్ విచారిస్తాడు, వాళ్లని ఎరిగినవాళ్లతో మాట్లాడతాడు. నాతో కూడా మాట్లాడతాడని అది ముందే చెప్పింది. దసరా సంగతి చెప్పమ్మా, జరిగింది జరిగినట్టు చెప్తే చాలు అని మరీ మరీ చెప్పింది.

ఆయన ఫోన్ చేసినప్పుడు పప్పుకి పోపు పెడుతున్నాను. చాలా మర్యాదగా మాట్లాడాడు. మీ అమ్మాయి చిన్నప్పటినుంచీ ఇంతేనా, ఇది మనసులోంచి వచ్చిందేనా అని అడిగాడు. దసరా సంగతి నోటిదాకా వచ్చింది. అంత పెద్ద ఆఫీసర్ దగ్గర మన పిల్ల గొప్ప మనమే చెప్పుకోవడమేమిటి అనిపించింది. నోరు తన అలవాటున తను పోయింది. చిన్నపిల్ల సార్, నాటకాల పిచ్చి, ఏ వేషం వేస్తే అందులో మునిగిపోతుంది, మీరేమీ అనుకోకండి అన్నాను. ఎంత అణకువగా మాట్లాడానో అని సంబరపడి మళ్లీ పోపు సంగతి చూసుకున్నాను.

కన్నతల్లే ఇది వేషమంటోందని ఆయన తేల్చేశాడు. అప్లికేషన్ కొట్టేశారు. తర్వాతి డ్రిల్‌లోనూ అది తుపాకీ ముట్టలేదు. దాంతో రికార్డు మీద మచ్చ వేసి పంపించేశారు. చదువు మధ్యలో ఆగింది. ఎక్కడ ఉద్యోగానికి వెళ్లినా ఆ మచ్చ గురించే అడుగుతారు. కాఫీ షాపులో పనిచేసుకుంటూ రిహార్సల్స్‌కి వెళ్తోంది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. దాని చేత తిట్లు తింటే నా పాపం కొంతైనా తగ్గేదనిపిస్తుంది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆట చూడటానికి రైల్లో సిటీకి వెళ్లాను. ఆస్పత్రిలో కొడుకు కోసం కాచుకుని కూర్చున్న తల్లి వేషం దానిది. మాటలు తక్కువ. ఒళ్లో లంచ్ బాక్స్ పెట్టుకుని, మూత తీస్తూ వేస్తూ ఉంటుంది. నేను కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయాను.

ఆట అయ్యాక ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, మీరు ఆ అమ్మాయి తల్లిగారా, చిన్నప్పటినుంచీ ఇంతేనా అని అడిగింది. ఆ ఆఫీసర్ అడిగిన ప్రశ్నే. ఇంత జరిగాక కూడా నా పాడు నోరు, ఏదో సరదాకి చేస్తుంది అంది. మా అమ్మాయి నా వెనకే ఉంది. నవ్వేసి, మా అమ్మ నన్ను కాపాడటానికే అలా అంటుంది, అది మావాళ్ల పద్ధతి అని ఆవిడకి చెప్పింది. కాపాడటానికట! సిగ్గుతో చచ్చిపోయాను.

నాతో పాటు ఇంటికొచ్చింది. సందెవేళ దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి గుప్పిట్లో ఉప్పు తీసుకున్నాను. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊళ్లోవాళ్ల దిష్టి అంటూ తిప్పుతున్నాను. ఆ తర్వాత తల్లి దిష్టి అనాలి. తిప్పే చెయ్యి ఆపేశాను.

"ఆ దసరాకి నువ్వు త్రిశూలం పడేసి ఆ పిల్ల ముక్కు తుడిచావు," అన్నాను. "చిన్నప్పటినుంచీ నువ్వు అంతేనే."

అది మూసుకున్న కళ్లు తెరవలేదు.

"నాకెందుకు చెప్తున్నావమ్మా?" అంది మెల్లగా. "నాకు తెలుసు కదా."

సింక్‌లో కలిపేయాల్సిన ఉప్పు నా గుప్పిట్లోనే చెమటకి తడిసి ముద్దయింది.