కరీంనగర్ హోటల్లో ఆ ఉదయపు టిఫిన్

పెళ్లయి నలభై ఏళ్లయినా ఒక్క రోజు కూడా హోటల్ గదిలో ఉండలేదని మా అవ్వ ఒకసారి మాటల మధ్య అన్నది. అమ్మానాన్నలను మేం అవ్వ, బాపు అనే పిలుస్తాం. బాపు బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాడు. ఏ ఊరికి పోయినా చుట్టాలింట్లో దిగడమే ఆయనకు అలవాటు. అందుకే ఈసారి వాళ్ల పెళ్లిరోజుకు కరీంనగర్‌లో రెండు రోజులకు గదులు తీసుకున్నాను. లక్సెట్టిపేటలో పొద్దున బస్సెక్కితే ధర్మపురి, జగిత్యాల మీదుగా దాదాపు మూడు గంటల్లో చేరుకోవచ్చు. బస్టాండు నుంచి టవర్ సర్కిల్ దగ్గరికి ఆటోకు వంద రూపాయలు ఇచ్చాం.

బయట బట్టల దుకాణాలు, బండ్ల హారన్లు, చెరుకురసం బండ్లు. హోటల్ అద్దాల తలుపు మూసుకోగానే చప్పుడంతా ఆగిపోయింది. ముదురు నీలం గోడలు, వాటి మీద వెండితీగ పని చేసిన పళ్లేలు, కాళ్లు కూరుకుపోయే తివాచీ. గది రోజుకు రెండున్నర వేలు, పొద్దుటి టిఫిన్ అందులోనే. రోడ్డు వైపు గదుల్లో నిద్ర పట్టదని రిసెప్షన్‌లో అమ్మాయే చెప్పి వెనక వైపువి ఇచ్చింది. బయటికి వెళ్తూ బాపు తలుపు పక్కన గోడకు గుచ్చి ఉన్న తాళం కార్డు తీయగానే గదిలో లైట్లన్నీ ఆరిపోయాయి. తానేదో చెడగొట్టానని ఆయన కంగారుపడితే, అవ్వ చాలాసేపు నవ్వింది. సాయంత్రం మానేరు డ్యామ్ చూసి వచ్చి హాయిగా పడుకున్నాం.

మరునాడు ఎనిమిదింటికి టిఫిన్‌కు దిగాం. బాపు గారె నములుతూనే అవ్వతో ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. గొంతు పట్టుకున్నాడు. దగ్గు రాలేదు, మాట రాలేదు. ముఖం నల్లబడుతోంది. నేను నీళ్ల గ్లాసు చేతిలో పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాను. ఇంతలో పక్క బల్ల దగ్గరి మనిషి కుర్చీ తన్నేసి వచ్చి, బాపును వెనకనుంచి పట్టుకుని, పిడికిలితో కడుపులోకి గట్టిగా గుంజడం మొదలుపెట్టాడు. అతను బాపును కొడుతున్నాడనే అనుకుంది అవ్వ. చేతికందిన స్టీలు గరిటెతో అతని వీపు మీద బాదింది.

"ముసలోన్ని పట్టుకొని ఏం జేస్తున్నవ్‌రా?"

"గొంతుల ఇరికిందవ్వా, జర ఆగు," అన్నాడే గాని అతను పట్టు వదల్లేదు. ఇంకో దెబ్బ పడింది. మరోసారి గుంజేసరికి గారె ముక్క తెల్లటి బల్లగుడ్డ మీద వచ్చి పడింది. బాపు ఊపిరి పీల్చిన చప్పుడు హాలంతా వినబడింది. గరిటె అవ్వ చేతిలోంచి జారిపోయింది.

బాపును కాపాడినాయన పేరు రాజేశం. కాగజ్‌నగర్ కాగితం మిల్లులో పని. చెల్లె పెళ్లి బట్టల కోసం భార్యతో వచ్చాడట. అవ్వ చేతులు జోడించి, "నిన్నే కొట్టిన గదా కొడుకా," అని ఏడ్చింది.

"గట్టిగనే కొట్టినవవ్వా," అని వీపు తడుముకున్నాడు. "మిల్లుల నేర్పిండ్రు గని ఎన్నడు చెయ్యలే. పాండ్రి, ముందుగాల బాపును దవఖానల సూపిద్దాం."

అతనే మాతోపాటు దగ్గరి ఆసుపత్రికి వచ్చాడు. పక్కటెముకలు నొస్తాయి గాని ప్రమాదం లేదన్నారు డాక్టరు. సాయంత్రం మా గదిలో ఆ మెత్తటి తివాచీ మీద నిలబెట్టి, బలం పెట్టకుండా, పిడికిలి ఎక్కడ ఉంచాలో మాకు నేర్పించాడు. అవ్వ బాపు మీదే నేర్చుకుంటానని పట్టుబట్టింది. "జర మెల్లగ, పొద్దుటి నొప్పే పోలే," అన్నాడు బాపు. పొద్దుటి నుంచి ఆయన అంత స్పష్టంగా మాట్లాడటం అదే మొదలు. నేను స్నానాల గదిలోకి వెళ్లి నల్లా తిప్పి ఏడ్చాను.

ఆ హోటల్ బాగుంది, మళ్లీ వెళ్తాం. కానీ గదుల ఫోటోలు, రేట్లు, రివ్యూలు అన్నీ పోల్చి చూసుకున్న నేను, కన్నతండ్రికి ఊపిరాడనప్పుడు పక్కనే ఉండి ఏమీ చేయలేకపోయాను. ఆ దిగ్భ్రాంతి ఇంకా తగ్గలేదు. మీరు బయల్దేరే ముందు ఒక్క పని చేయండి: ఎవరికైనా గొంతులో ముద్ద అడ్డుపడి దగ్గూ మాటా రాకపోతే ఏం చేయాలో తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకోండి. మీతో వచ్చేవాళ్లకూ నేర్పించండి, ఎందుకంటే అడ్డుపడేది మీకే కావచ్చు.