రేవు వచ్చినా దిగని హెర్బోర్గ్

ఫ్యోర్డు అనే సముద్రపు పాయని దాటించే ఫెర్రీలో ముప్పై ఏళ్లు అట్లు పోసిన మనిషి హెర్బోర్గ్. మందంగా పోసి, వెన్నా చక్కెరా రాసి, మడిచి చేతిలో పెడుతుంది. అవతలి గట్టు వచ్చేలోగా తినేయాలి. మా ఉత్తర తీరంలో రెండట్ల దూరం, మూడట్ల దూరం అంటే అందరికీ అర్థమవుతుంది.

ఓడల్లో బతికినవాళ్లకి నేలమీద నడక కుదరదని నేను తిరిగిన ప్రతి రేవులోనూ విన్నాను. హెర్బోర్గ్‌కి నడక బాగానే కుదిరింది, దిగడమే రాలేదు. రేవు రాగానే అందరూ దిగిపోతారు. ఆవిడ వాళ్లకి చెయ్యి ఊపి, పెనం తుడుచుకుంటుంది. ఫెర్రీ మళ్లీ వెనక్కి తిరుగుతుంది.

పని మానేశాక దక్షిణాన తను పుట్టిన దీవికి చేరింది. నిరుడు జూన్‌లో ఉత్తరాన ఉండే కూతురు మారెన్ ఫోన్ చేసింది.

"అమ్మా, ఆదివారం నీ మనవడికి బాప్తిస్మం. గౌను మర్చిపోయావో, వాడికి దిండు గలీబు తొడగాలి!"

ఆ తెల్ల గౌను హెర్బోర్గ్ ముత్తవ్వ నాటిది. తొడిగిన ప్రతి బిడ్డ పేరూ అంచున నీలిదారంతో కుట్టి ఉంటుంది. దాన్ని పోస్టులో పంపరు. ఇంటి మనిషి ఒళ్లో పెట్టుకుని తేవాల్సిందే.

శనివారం గాలి జోరుకి విమానాలు ఎగరలేదు. ఆదివారం పొద్దున్నే హెర్బోర్గ్ చిన్న విమానం ఎక్కింది. అది బస్సులా ఊరూరా ఆగుతుంది. ఆవిడ దిగాల్సింది రెండో చోట. కింద ఉప్పుకల్లు చల్లినట్టు దీవులు, వాటి అంచుల్లో తెల్లటి నురుగు. విమానం రెండో చోట ఆగింది. సగంమంది లేచారు. హెర్బోర్గ్ గౌను పెట్టె ఒళ్లో పెట్టుకుని వాళ్లకి చెయ్యి ఊపింది.

విమానం మళ్లీ పైకి లేచాక కిటికీలో చర్చి కనిపించింది.

"అయ్యో, అది మా చర్చి!"

కాఫీ ఇచ్చే అమ్మాయి అదిరిపడింది. "అక్కడ దిగాల్సింది మీరేనా? మరి దిగలేదేం?"

"నేనెప్పుడూ దిగను కదమ్మా!"

తర్వాతి ఊళ్లో ఆ అమ్మాయే చెయ్యి పట్టుకుని దించింది. ఆ ఊరికీ చర్చికీ మధ్య ఒక్క ఫ్యోర్డు. రేవులో ఆవిడ పాత ఫెర్రీయే బయల్దేరుతోంది. ఫెర్రీ నడిపే సరంగు టోర్గిల్స్ పైనుంచి అరిచాడు. "హెర్బోర్గ్! పెన్షన్ తీసుకుని కూడా వదలవా మమ్మల్ని?"

"వాగకుండా పోనియ్! బిడ్డ బట్టల్లేకుండా ఉన్నాడు!"

ఫోన్‌లో మారెన్ గొంతు తగ్గించి చెప్పింది. "పాస్టరుగారు నీకోసం నాలుగో పాట పాడిస్తున్నారమ్మా. ఊళ్లోవాళ్ల గొంతులు పోతున్నాయి."

ఊరికే కూర్చోవడం హెర్బోర్గ్ వల్ల కాలేదు. పైగా వంటగదిలోంచి మాడు వాసన. కొత్త వంటావిడ చేతిలోంచి అట్లకాడ లాక్కుంది. "తిప్పవేం తల్లీ? తిప్పమని అట్టే నోరు తెరిచి అడగాలా?"

అవతలి గట్టు వచ్చింది. కార్లు దిగాయి, మనుషులు దిగారు. హెర్బోర్గ్ వాళ్లకి చెయ్యి ఊపి, పెనం తుడవడం మొదలుపెట్టింది.

మైకులో టోర్గిల్స్ గర్జించాడు. "హెర్బోర్గ్! దిగు! నువ్వు దిగేదాకా ఫెర్రీ కదలదు!"

రేవంతా ఒకటే నవ్వు. ఆవిడ పెట్టె చంకన పెట్టుకుని ఏప్రన్‌తోనే పరుగెత్తింది. ఏడో పాట మధ్యలో చర్చిలో అడుగుపెట్టింది. పాస్టరు పాట అక్కడే ఆపేశాడు, ఎవరూ బాధపడలేదు.

గౌను తొడుగుతుంటే ఆవిడ చేతినుంచి అంచున వేలంత వెన్న మరక పడింది. హెర్బోర్గ్ నాలుక కరుచుకుంది.

మారెన్ వంగి వాసన చూసింది. "ఉండనీ అమ్మా. వీడి పేరు దాని పక్కనే కుడదాం."