రంజన్ నీడలో గులాబీ కొమ్మలు

వాన వెలిసిన పొద్దున, కామారెడ్డిలో మా గోడ మీది తీగ గులాబీకి కత్తెర వేశాను. కోసిన చోట పచ్చి వాసన గుప్పుమంది. ఆ వాసనకు నాకు పూలు గుర్తుకు రావు. పోచవ్వ గుర్తుకొస్తుంది.

అప్పట్లో ఎల్లారెడ్డిలో ఎరువుల దుకాణంలో పనిచేస్తూ ఆమె ఇంట్లో ఒక గదిలో అద్దెకుండేవాణ్ణి. పోచవ్వ ఒంటరి మనిషి. చనిపోయిన కూతురు రజిత నాటిన తీగ గులాబీయే ఆమెకు తోడు. అది గోడెక్కి, సజ్జ దాటి, డాబా మీద పరుచుకుంది. నేను ఊరుకుంటానా? ఆ తీగ రోడ్డు దాటి టాకీసులోకి తొంగిచూసిందని దుకాణానికొచ్చిన రైతులకు చెప్పేవాణ్ణి. నా కోతలు పోచవ్వ చెవిన పడ్డాయి.

"ఏం కొడుకా, టికెటు కొన్నదా, ఉత్తగనే చూసిందా?" అంది.

రెండు వేల పదకొండు ఎండాకాలంలో, రోడ్డు వెడల్పు చేస్తామని గోడకు ఎర్రగీత పెట్టి పోయారు. తీగ మొదలు పునాదిలోకి దిగిపోయింది, తవ్వితే బతకదు. కొమ్మలు నాటుకోవడమే దిక్కు, అదీ మండుటెండల్లో. పోచవ్వ పూలు రాలిపోయిన కొమ్మలు ఏరి, కణుపు కింద ఏటవాలుగా కోసి, కింది ఆకులు దూసి, తాగునీళ్ల రంజన్ పక్కన తడిమట్టిలో గుచ్చింది. కుండ చెమర్చిన తడే వాటికి నీళ్లు, కుండ నీడే నీడ. గోడ కూల్చిన రోజు ఆమె బయటికి రాలేదు. రంజన్ దగ్గరే కూర్చుంది.

కొన్నాళ్లకు కొమ్మలకు ఎర్రటి చిగుళ్లు వచ్చాయి. నేను గంతేశాను.

"అవ్వా, బతికినయ్!"

"గప్పుడే మురువకు. కొమ్మల ఉన్న సత్తువకే ఆకు ఏస్తది. ఏరు దిగిందో లేదో ఇప్పుడే తెల్వది."

"ఒకటి గుంజి, వేరు దిగిందో లేదో చూద్దామా?"

ఆమె నా చేయి పట్టుకుంది. "వద్దు బిడ్డా. గుంజితే వచ్చిన ఏరు తెగుతది. రజితకు జెరమొస్తే గిట్లనే చేసిన. తగ్గిందా, తగ్గిందా అని గడియకోపారి లేపిన. పిల్లను కంటినిండ నిద్ర పోనియ్యకపోతిని."

నేను చేయి వెనక్కి తీసుకున్నాను.

చిగుళ్లు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. ఒక్క కొమ్మ మిగిలింది. వానాకాలంలో పోచవ్వ మంచం పట్టింది. కామారెడ్డి ఆసుపత్రికి చూడబోతే ముందు అదే అడిగింది.

"ఏరు వచ్చిందా?"

వచ్చిందని చెప్పడం నాకెంతసేపు? బెత్తెడు వేర్లు కళ్లకు కట్టించగలను. నోరు తెరిచాను కూడా.

"చూడలేదవ్వా."

"మంచిగ చేసినవ్," అని కళ్లు మూసుకుంది. నేను లేపలేదు. ఆ వారంలోనే పోయింది.

మరుసటేడు కామారెడ్డికి మారేటప్పుడు ఆ కొమ్మను మట్టితో సహా ఎత్తాను. గడ్డ అడుగున తెల్లటి వేర్లు, నూలు పోగుల్లా చిక్కుపడి ఉన్నాయి. "అవ్వా, వచ్చినయ్" అంటూ వెనక్కి తిరిగాను. వాకిలి ఖాళీగా ఉంది.

కథలు ఇప్పటికీ అల్లుతూనే ఉంటాను. ఈ గులాబీ సంగతి ఎవరైనా అడిగితే మాత్రం ఏమీ కలపను. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా గడప దగ్గరే నిలబడి, ఊపిరి వినిపించేదాకా ఉండి, లేపకుండా వచ్చేస్తాను.